మొదట పరిచే చీర

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నేను లేచి పక్క గదిలోకి పోయే మనిషిని. వాదించను. వాదిస్తే కూడా ఆ మాటకు విలువ ఇచ్చినట్టే అవుతుందని నా అభిప్రాయం. రాయచూరులో ఒక కాలేజీ లైబ్రరీలో చాలా ఏళ్ళుగా పని చేస్తున్నాను. మా తమ్ముడు పోయాక బంధువులు కాకి వాలిందని, కలలోకి వచ్చాడని చెప్పిన కథలన్నిటికీ నేను లేచి వంటింట్లోకి పోయాను.

అయినా ఇది రాస్తున్నాను. జరిగింది ఎవరికి చెప్పబోయినా సగంలోనే ఆపి, తమకు తెలిసిన మాట ఒకటి దాని మీద మూతలా పెట్టేస్తున్నారు. కంప్యూటరు తెలిసినవాళ్ళది ఒక మాట. పూజలు తెలిసినవాళ్ళది ఇంకో మాట. నాకు విసుగు పుట్టింది. మొత్తం ఒకసారి, వరసగా చెప్పుకోవాలని ఉంది.

మాది రాయచూరులోనే బట్టల దుకాణం. తాత పెట్టాడు. నాన్న నడిపాడు. నాన్న తర్వాత మా తమ్ముడు రాఘు కూర్చున్నాడు. తెల్లగుడ్డ పరిచిన పరుపు మీద దుకాణదారు కూర్చుని ఎదుటివాళ్ళ ముందు చీరలు విప్పి పరుస్తాడు. ఆ పరుపును మేం గద్ది అంటాం. గద్ది మీద ఎవరు కూర్చుంటే దుకాణం వాళ్ళది.

నాన్నకు ఒక పద్ధతి ఉండేది. మొదట పరిచే చీర, వచ్చిన మనిషి వద్దనేదే అయి ఉండాలి. ఏం కావాలమ్మా అని అడిగితే ఎవరూ సరిగా చెప్పరు. చూపించండి, చూస్తాం అంటారు. తనకు అసలు పడని చీర ఎదురుగా పడితే మాత్రం మనిషి నోరు తెరుస్తుంది. వద్దు అన్న తర్వాత వచ్చే మాట నిజం మాట అనేవాడు నాన్న. మనిషి లోపలికి వచ్చి చెప్పులు విడిచేలోపు ఆమె ఏది వద్దంటుందో కనిపెట్టాలి. అదే పనితనం.

రాఘుకు ఆ పనితనం నాన్నకంటే ఎక్కువ వచ్చింది. ఒకసారి నేను దుకాణంలో ఉండగా జవళగేర నుంచి ఒకామె వచ్చింది. కాలువ కింద వరి పండించే ఆంధ్రా కుటుంబం. కూతురి పెళ్ళికి చీరలు కావాలంది. రాఘు మారుమాట లేకుండా వంకాయ రంగు మీద పెద్ద పెద్ద పూలున్న చీర ఒకటి ఆమె ముందు పరిచాడు.

"ఇదేంటండీ బాబూ! మా అత్తగారికి కూడా పెట్టను ఇది," అందామె.

"మరి మీ అత్తగారికి ఎట్లాంటిది పెడ్తరమ్మా?" అన్నాడు రాఘు.

ఆమె నవ్వి, అత్తగారితో మొదలుపెట్టి, వియ్యపురాలి మీదుగా, కూతురికి ఏ రంగు నప్పదో దాకా అంతా చెప్పేసింది. ఆ తర్వాత రాఘు తీసిన రెండో చీర దగ్గరే ఆమె చెయ్యి ఆగిపోయింది.

కొన్నేళ్ళకు పవర్ ప్లాంటు కాలనీ ఆడవాళ్ళు దుకాణానికి రావడం తగ్గించారు. ఫోన్లలోనే కొంటున్నారని తెలిసింది. రాఘు కూడా వెబ్‌సైటు పెట్టాలనుకున్నాడు. సలీం అనే కుర్రాడికి ఆ పని అప్పగించాడు. స్టేషన్ రోడ్డులో చిన్న గదిలో కంప్యూటర్లు పెట్టుకుని, ఊళ్ళో నాలుగైదు దుకాణాలకు వెబ్‌సైట్లు చేసి చూసుకునేవాడు సలీం.

మామూలు వెబ్‌సైట్లు మనిషి వేలు ఎక్కడ ఆగింది, ఏ బొమ్మ పెద్దది చేసి చూసింది గుర్తు పెట్టుకుని, మళ్ళీ వచ్చినప్పుడు అలాంటివే ముందు పెడతాయి. ఒకే పేజీ ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా తెరుచుకుంటుంది. రాఘు అది విని సంబరపడ్డాడు, కాని తిరగేయమన్నాడు. మొదటి బొమ్మ మాత్రం ఆ మనిషి వద్దనేదే రావాలి, మిగతావి ఆ తర్వాత.

"భాయ్, దునియాల ఎవ్వడన్న గిట్ల చేస్తడా? మంచి మాల్ ఎన్క పెట్టి బేకార్ మాల్ ముందర పెడ్తరా?" అని సలీం తల పట్టుకున్నాడు. రాఘు వినలేదు. ఆ నియమం సలీంతో రాయించే దాకా వదల్లేదు.

నాకు అసలు ఆ ఏర్పాటే నచ్చలేదు. మనిషి ఎక్కడ ఆగిందో తెర వెనక నుంచి చూడటం ఏమిటన్నాను. లైబ్రరీలో నేను ఎవరు ఏం చదువుతున్నారని తొంగిచూడను.

"నాయిన చేసిందేంది అక్కా మరి? కండ్లు పెట్టి సూసుడే గదా," అన్నాడు రాఘు.

"నాన్న ఎదురుగా కూర్చుని చూసేవాడు. ఆయన చూస్తున్నాడని వాళ్ళకూ తెలుసు."

"నిన్ను జూడ మనిషెందుకు, మిషనెందుకు? నువ్వు కట్టేది ఒక్కటే. ప్లాంటు బూడిద రంగు."

నిజమే. నేను సన్న అంచు ఉన్న బూడిద రంగు నేత చీరలే కడతాను. అందుకని నేను వెబ్‌సైటు తెరిచినప్పుడల్లా మొదటి బొమ్మగా మెరిసే జరీతో చిలకపచ్చ పట్టుచీర ఒకటి వచ్చేది. నేను విసుక్కుంటే వాడికి ఆనందం. ఏదో సాకుతో ఫోను చేసి, "ఇయ్యాల చిలకమ్మ వచ్చిందా అక్కా?" అని అడిగేవాడు. వద్దురా బాబూ అనేదాన్ని. వాడికి ఆ మాట వింటే చాలు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం రాఘు గద్ది మీదే పక్కకు ఒరిగాడు. ఆస్పత్రికి తీసుకుపోయేసరికే అయిపోయిందన్నారు. దాని గురించి ఇంతకంటే రాయను.

వాడి భార్య సుజాత. పదేళ్ళ కాపురంలో ఆమె నోట ఇది కావాలి, ఇది వద్దు అనే మాట నేను వినలేదు. కూర ఏం చేద్దామంటే మీ ఇష్టం. ఊరికి ఎప్పుడు పోదామంటే మీ ఇష్టం. ఆమె మనసులో ఏముందో రాఘు ఒక్కడికే తెలిసేది. వాడు ఆమెను ఏడిపించి, ఏదో ఒకటి తిక్కగా చేసి, చివరికి చెప్పించేవాడు.

మా ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. సంవత్సరీకం దాకా ఇంట్లో ఎవరూ కొత్తబట్ట కొనరు. సంవత్సరీకానికి ముందురోజు భర్త పోయిన మనిషికి ఆడబిడ్డ చీర తెచ్చి ఎదుట పరుస్తుంది. పెద్దావిడ ఒకరు ఆ చీర కొంగుకు పసుపు అంటిస్తారు. పసుపు అంటిన తర్వాత మార్చడం ఉండదు. ఆ చీర ఎలాంటిదైతే ఆ మనిషి బతుకు అలాంటిది. వెలిసిన రంగు పెడితే ఇంట్లో కూర్చోవాలి. రంగు చీర పెడితే నలుగురిలో తిరగొచ్చు, దుకాణంలో కూర్చోవచ్చు. ఎవరూ దీన్ని పైకి అనరు. అందరికీ తెలుసు.

సుజాతకు ఆడబిడ్డను నేను ఒక్కదాన్నే.

మా మేనత్త కల్మల అనే పక్క ఊళ్ళో ఉంటుంది. పసుపు అంటించాల్సిన పెద్దావిడ ఆమే. తెల్లచీర పెట్టమని మొదటి నెల నుంచే మొదలుపెట్టింది. "మావోడు కూసుంటడు గద్ది మీద. పిల్ల ఇంట్ల నిమ్మళంగ ఉంటది. ఆడది దుకాన్ల కూసుంటే నలుగురేమంటరే?" అనేది. ఆమె కొడుకు మంచివాడే, కాని వాడు కూర్చుంటే దుకాణం వాడిదైపోతుంది. సుజాతకు వంటిల్లు మిగులుతుంది.

నేను సుజాతను చాలాసార్లు అడిగాను. దుకాణం నడుపుతావా? ఎలాంటి చీర తేవాలి?

"మీ ఇష్టం వదినె," అనేది.

నాకు కోపం వచ్చేది. ఆమె అడిగితే ఎవరితోనైనా పోట్లాడటానికి నేను సిద్ధంగా ఉన్నాను. అడగని మనిషి కోసం ఎలా పోట్లాడాలి? రంగు చీర తెచ్చాననుకోండి, ఆమెకు ఇష్టం లేకపోతే నలుగురి నోళ్ళకు ఆమెను అప్పగించినట్టు. తెల్లది తెస్తే నేనే ఆమెను లోపల పెట్టి తలుపు వేసినట్టు. ఏడాదంతా ఇదే నా తల తినేసింది.

ఇక వెబ్‌సైటు సంగతి. రాఘు పోయిన కొన్నాళ్ళకు, సంవత్సరీకం దాకా దుకాణం మూసి ఉంటుందని అందులో ఒక మాట పెట్టాలని తెరిచాను. మొదటి బొమ్మ చిలకపచ్చ చీర. ఫోను కింద పెట్టేశాను.

సలీంకు ఫోను చేసి ఆ బొమ్మ తీసేయమన్నాను. ఆ చీర ఎప్పుడో అమ్ముడుపోయింది కూడా. సరే మేడం అన్నాడు. రాఘు నియమం వల్ల చూసేవాళ్ళు చిరాకు పడుతున్నారని, దాన్ని కూడా ఎత్తేస్తానన్నాడు. ఎత్తేయమన్నాను. ఇకమీదట ఎవరు తెరిచినా ఒకే పేజీ కనిపిస్తుందని చెప్పాడు. మర్నాడు లైబ్రరీలో తోటి ఉద్యోగిని తన ఫోనులో తెరిచి చూపించింది. చిలకపచ్చ లేదు. నా ఫోనులో తెరిస్తే మళ్ళీ అదే.

"గది క్యాష్ మేడం. ఫోన్ పాత పేజీ దాచుకుంటది. మొత్తం సాఫ్ చెయ్యుండ్రి," అన్నాడు.

సాఫ్ చేశాను. పోలేదు. ఆ తర్వాత ఫోనే చెడిపోయి కొత్తది తీసుకున్నాను. కొత్త ఫోనులో మొదటిసారి తెరిస్తే చిలకపచ్చ వచ్చింది. లైబ్రరీ కంప్యూటరులో తెరిస్తే వచ్చింది. ప్రతిసారీ సలీం దగ్గర ఒక కొత్త మాట ఉండేది. మీ ఇంటి లైను అదే కదా అన్నాడు. మీ మెయిలు అదే కదా అన్నాడు. ప్రతి మాటా నేను పరీక్ష చేసి, కాదని చెప్పేసరికి ఇంకోటి తీసేవాడు. నేను చెప్పేది వినడానికి ముందే అతని దగ్గర జవాబు తయారుగా ఉండటమే నాకు భరించలేనిదిగా తోచింది.

కల్మలలో అత్త ఇంటికి పోయినప్పుడు ఆమె కోడలి ఫోనులో చూడాలనిపించింది. ఆ పిల్లనే తెరవమన్నాను. మామూలు పేజీ వచ్చింది. మూసేసి, నేను నా చేత్తో తెరిచాను. చిలకపచ్చ. ఆ పిల్ల మళ్ళీ తెరిచింది, లేదు. నేను తెరిచాను, ఉంది. పక్కన కూర్చుని అత్త అంతా చూసింది.

"వాడే వస్తున్నడే నీ కోసం. శాంతి చేపియ్యి," అంది.

నేను లేచి పెరట్లోకి పోయాను.

చివరికి సలీం గదికే పోయాను. అతని కంప్యూటరు ముందు కూర్చుని అతని కళ్ళ ముందే తెరిచాను. చీర వచ్చింది. సలీం దగ్గరికి వంగి చూశాడు. ఆ బొమ్మను ఎప్పుడో తీసేశానని, అసలు అది ఇప్పుడు ఎక్కడా లేదని తనే అన్నాడు. కుర్చీ లాక్కుని తను తెరిచాడు. రాలేదు. ఇంకోసారి తెరిచి చూశాడు. ఆ తర్వాత, "క్యాషే అయి ఉంటది మేడం," అన్నాడు, నా ముఖం చూడకుండా.

నేను లేచి వచ్చేశాను. ఆ వెబ్‌సైటు తెరవడం తగ్గించాను. తెరిచినప్పుడు చిలకపచ్చే ఉండేది. అది తప్ప ఇంకోటి నాకు ఎన్నడూ మొదట రాలేదు. ఇది గుర్తుంచుకోవాలి.

సంవత్సరీకానికి ముందురోజు ఉదయం లైబ్రరీకి వెళ్ళాను. మధ్యాహ్నం సుజాతకు చీర పరచాలి. ఏది పరచాలో అప్పటికీ తేల్చుకోలేదు. దుకాణంలో ఏమేం మిగిలాయో చూద్దామని వెబ్‌సైటు తెరిచాను. ఎవరికోసమో అందులో నేను రాయలేదు, వెతకలేదు. తెరిచానంతే.

మొదటి బొమ్మ చిలకపచ్చ కాదు. సన్న అంచు ఉన్న బూడిద రంగు నేత చీర.

ఆ చీర నాకు తెలుసు. ఎవరూ కొనక దుకాణం పై అరలో పడి ఉంది. అందరికీ కనిపించే పేజీలో చిట్టచివరి వరసలో ఉండేది. ముందుకు ఎలా వచ్చిందో తెలియలేదు. సలీం ఏదో సర్ది ఉంటాడని సరిపెట్టుకున్నాను.

మధ్యాహ్నం దుకాణం తలుపులు సగం తీసి కూర్చున్నాం. నేను, సుజాత, అత్త. అత్త అడగనే అడిగింది, "ఇయ్యాల ఏం చూపిచ్చిందే నీ ఫోను?"

చెప్పకుండా ఉండాల్సింది. బూడిద రంగు చీర అన్నాను.

"ఇంకేంది మరి! వాడే తేల్చిండు. తెల్లగా లేదు, రంగుగా లేదు. తియ్యి దాన్ని," అంది అత్త.

నేను దాన్ని నమ్మి తీయలేదు. అలసిపోయి తీశాను. తెల్లచీర కాదు కాబట్టి నాకు మరీ సిగ్గుగా ఉండదు, రంగు చీర కాదు కాబట్టి అత్త గొడవ చేయదు, నేను కట్టే రంగే కాబట్టి సుజాతకు చెడు చేసినట్టూ కాదు. ఇలా ఏవో లెక్కలు వేసుకున్నాను. పై అర నుంచి చీర దించి సుజాత ముందు తెల్లగుడ్డ మీద పరిచాను. అత్త పసుపు తడిపి కొంగు వైపు చెయ్యి చాపింది.

సుజాత ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు," అంది.

అత్త వేలి నుంచి పసుపు తెల్లగుడ్డ మీద పడింది. చీర మీద పడలేదు.

"వద్దత్తమ్మా. వదినె, గీ రంగు మీకు మంచిగుంటది. మీరు కోరి కట్టుకుంటరు. నాకెందుకు బూడిద?"

ఆమె ఆగలేదు. "గా మూడో అరల నెమలికంఠం చీర ఉన్నది, ఎర్రంచుది. ఆయన తెచ్చిన్నాడే చూసిన. నాకు గది పెట్టుండ్రి. గది కట్టుకొని ఎల్లుండి సంది నేనే కూసుంట గద్ది మీద. దుకానం ఎవ్వరికియ్య."

"ఏమే, నీ నోట్ల గింత మాటున్నదా!" అంది అత్త.

"ఇన్నొద్దులు లేకుండె. గిప్పుడొచ్చింది," అంది సుజాత.

అత్త నా వైపు చూసింది. నేను ఆ చూపును పట్టించుకోలేదు. లేచి మూడో అర దగ్గరికి పోయాను. నెమలికంఠం చీర తీస్తూ ఉంటే అప్పుడు తట్టింది. వద్దు అన్న తర్వాత వచ్చే మాట నిజం మాట. పుట్టినప్పటి నుంచి ఆ దుకాణంలో విన్న మాట. బూడిద రంగు చీర మొదట కనిపించింది. మొదట కనిపించేది పెట్టడానికి కాదు. వద్దనిపించడానికి. అత్తా నేనూ ఇద్దరం దాన్ని పెట్టాల్సిన చీరే అనుకున్నాం. బట్టల దుకాణంలో పుట్టి పెరిగిన ఇద్దరం.

పసుపు నెమలికంఠం చీరకు అంటింది. అత్తే అంటించింది, సణుగుతూ. "నీలం మీద పసుపు కనవడది కూడ," అంది.

ఆ సాయంత్రం సలీంకు ఫోను చేశాను. పేజీలో ఏమైనా మార్చావా అని అడిగాను. నెలలుగా ముట్టలేదన్నాడు. బూడిద రంగు చీర చివరి వరసలోనే ఉందన్నాడు. చూస్తే, నాకూ అలాగే కనిపించింది. చిలకపచ్చ లేదు. మొదటిసారి అందరికీ వచ్చే పేజీ నాకు వచ్చింది.

నేను సలీంకు ఒక్కటే చెప్పడానికి ప్రయత్నించాను. రాఘు నియమం ఎక్కడో ఇంకా బతికే ఉందనుకుందాం. అప్పుడు కూడా అది నేను వద్దనేది నాకు చూపాలి. బూడిద రంగు నేను ఎన్నడూ వద్దనలేదు. కోరి కట్టేదే అది. ఆ చీరను వద్దనే మనిషి సుజాత. సుజాత సొంతంగా ఆ వెబ్‌సైటు ఎన్నడూ తెరవలేదు, నా ఫోనులో నేను తెరిస్తే పక్క నుంచి చూసిందంతే. ఆమె దేని దగ్గర ఆగుతుందో, దేన్ని దాటిపోతుందో ఆ పేజీకి తెలిసే దారి లేదు. ఆ ఉదయం ఆమె కోసం చూస్తున్నానని నాకు తప్ప ఎవరికీ తెలియదు.

"కభీ కభీ గిట్లయితది మేడం," అన్నాడు సలీం. ఫోను పెట్టేశాను.

అత్తకు మాత్రం అంతా అర్థమైపోయింది. చెప్పిన శాంతి నేను చేయించకపోయినా మేలే జరిగిందని కల్మలలో అందరికీ చెబుతోంది. నాకు అర్థం కాలేదు. చనిపోయినవాళ్ళు తిరిగివస్తారని ఇప్పటికీ నమ్మను. యంత్రం పొరపాటు చేసిందంటే, పొరపాటు అంత సరిగ్గా ఎలా ఉంటుందో ఎవరైనా చెప్పాలి. ఇన్నాళ్ళకూ చెప్పినవాళ్ళు లేరు.

సుజాత దుకాణం నడుపుతోంది. మొదట్లో గొంతు లేచేది కాదు. మొన్న నేను పోయినప్పుడు కాలనీ నుంచి వచ్చిన ఒకామె ముందు పరమ వికారమైన ఆరెంజి చీర పరిచి, ఏమీ ఎరగనట్టు కూర్చుంది.

నేను అప్పుడప్పుడు వెబ్‌సైటు తెరుస్తాను. అందరికీ కనిపించే పేజీయే కనిపిస్తుంది. చిలకపచ్చ చీర ఒక్కసారి వస్తే, వద్దురా బాబూ అనాలని ఉంది. అది రాదు.